పాసివ్ రేడియేటర్ పెడితే సబ్‌వూఫర్ బేస్ నిజంగా లోతుకు దిగుతుందా? (40 లీటర్ల బాక్స్, 10 అంగుళాల డ్రైవర్)

కూకట్‌పల్లి_407
అందరికీ నమస్కారం. నాలుగు నెలలుగా ఇదే పని మీద ఉన్నాను, ఇప్పుడు ఒక చోట ఆగిపోయాను, మీ సాయం కావాలి. మా ఫ్లాట్‌లో హాలు 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. సోఫా పక్క మూలలో పట్టేంత బాక్స్ మాత్రమే ఉండాలని ఇంట్లో ముందే మాట అయిపోయింది, అందుకని లోపలి ఖాళీ 40 లీటర్లు వచ్చేలా 18 మి.మీ. ఎండీఎఫ్‌తో నేనే చేసుకున్నాను. డ్రైవర్ (శబ్దం పుట్టించే అసలు స్పీకర్) 10 అంగుళాలది, కోన్ వైశాల్యం 330 చదరపు సెంటీమీటర్లు, ఒక వైపుకు 14 మి.మీ. కదులుతుంది. 300 వాట్ల ప్లేట్ ఆంప్, అంటే బాక్స్ గోడకే బిగించే ఆంప్లిఫయర్.

3 అంగుళాల పీవీసీ పైపుతో 25 హెర్ట్జ్‌కి ట్యూన్ చేశాను. పైపు పొడవు 47 సెం.మీ. వచ్చింది, లోపల ఎల్బో వేసి మడిచాను. పాటలకు చాలా బాగుంది. కానీ సినిమాలో పెద్ద పేలుడు వచ్చినా, భూమి కంపించే సీన్ వచ్చినా పైపులోంచి ఎవరో ఊదుతున్నట్టు ఉఫ్ ఉఫ్‌మని గాలి చప్పుడు. సౌండ్ తగ్గిస్తే పోతుంది, కానీ తగ్గించుకోవడానికి ఇంత కష్టపడలేదు కదా. కొనేటప్పుడు షాపులో ఒకాయన "పైపు తీసేసి పాసివ్ రేడియేటర్ పెట్టండి సార్, బేస్ డబుల్ అవుతుంది" అన్నారు. నిజమేనా? పెట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

కొత్తగా_వచ్చా
అన్నా, ముందు నాకొకటి చెప్పండి, పాసివ్ రేడియేటర్ అంటే వైర్ లేని స్పీకర్ లాంటిదేనా? బ్లూటూత్ స్పీకర్లకి రెండు పక్కలా కొట్టుకుంటూ కనిపిస్తాయే, అవేనా?

పాత_రేడియో
అవే బాబూ. మామూలు డ్రైవర్‌లోంచి మాగ్నెట్, వాయిస్ కాయిల్ తీసేస్తే ఏం మిగులుతుంది? కోన్, దాని చుట్టూ రబ్బరు సరౌండ్, వెనక దాన్ని పట్టి ఉంచే ముడతల గుడ్డ, అంటే స్పైడర్. అదే పాసివ్ రేడియేటర్. దానికి కరెంటు వెళ్ళదు. అసలు డ్రైవర్ లోపలి గాలిని నొక్కితే ఆ గాలి దీన్ని తోస్తుంది, అంతే. కొత్త విద్య కూడా కాదు. ఆర్‌సీఏలో పనిచేసిన హ్యారీ ఓల్సన్ పేరు మీద 1935లోనే దీనికి పేటెంట్ వచ్చింది. పాత పుస్తకాల్లో డ్రోన్ కోన్ అని రాసేవారు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రిచర్డ్ స్మాల్ 1974లో దీని లెక్క అంతా వరసగా రాసిపెట్టాడు, ఇవాళ మనం కంప్యూటర్‌లో నొక్కి చూసుకునే సిమ్యులేషన్లకి ఆధారం అదే.

407 గారూ, షాపు ఆయన చెప్పిన మాట మాత్రం మనసులో పెట్టుకోకండి. పీఆర్ (పాసివ్ రేడియేటర్) బేస్‌ని పుట్టించదు. పైపు చేసే పనే చేస్తుంది. బాక్సులోని గాలి ఒక స్ప్రింగు, పైపులోని గాలి దానికి కట్టిన బరువు. ఈ రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఉయ్యాలలా ఊగుతాయి, దాన్నే ట్యూనింగ్ అంటాం. పీఆర్ పెడితే పైపులోని గాలి బదులు ఆ కోన్ బరువు ఊగుతుంది. తేడా అక్కడే. గాలికి బరువు తక్కువ కాబట్టి లోతుకు ట్యూన్ చేయాలంటే పొడవాటి పైపు కావాలి. కోన్‌కైతే బరువు పెంచడానికి రెండు వాషర్లు వేస్తే చాలు.

కూకట్‌పల్లి_407
అయితే పైపునే లావుది పెట్టుకుంటే సరిపోదా మాస్టారూ? 4 అంగుళాలది కూడా ఉంది నా దగ్గర.

పాత_రేడియో
లెక్క వేసి చూడండి. మీ 40 లీటర్లకి 25 హెర్ట్జ్ కావాలంటే 4 అంగుళాల పైపు సుమారు 86 సెం.మీ. రావాలి. మీ బాక్సులో ఎక్కడ దూరుస్తారు? ఇంకా చిన్న బాక్స్ తీసుకోండి, 20 లీటర్లు, 20 హెర్ట్జ్ అనుకుందాం. అదే 4 అంగుళాల పైపు 2 మీటర్ల 85 సెంటీమీటర్లు కావాలి. ఆ పైపులో పట్టే గాలే 22 లీటర్లు, అంటే బాక్స్ కంటే పైపు పెద్దది. పైగా అంత పొడవు పైపు తనకు తానుగా 60 హెర్ట్జ్ దగ్గర వేణువులా మోగుతుంది, సబ్‌వూఫర్ పని చేసే చోటే అది. చిన్న బాక్సులకి పీఆర్ ఎందుకు వాడతారో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది. 1990లలో బాబ్ కార్వర్ సన్‌ఫైర్ పేరుతో 11 అంగుళాల ఘనాకారం పెట్టెలో సబ్‌వూఫర్ తెచ్చినప్పుడు అందులో ఒక పక్క డ్రైవర్, ఇంకో పక్క పీఆర్ పెట్టింది అందుకే. ఆ పెట్టెలో పైపు పట్టే ప్రశ్నే లేదు.

మీ గాలి చప్పుడు సంగతి. 25 హెర్ట్జ్ దగ్గర ఒక మీటరు దూరంలో 100 డెసిబెల్స్ రావాలంటే ఒక్కో వైపుకు సుమారు 600 ఘన సెంటీమీటర్ల గాలి కదలాలి. మీ 3 అంగుళాల పైపులోంచి అంత గాలి వెళ్ళాలంటే వేగం సెకనుకు 21 మీటర్లు దాటుతుంది. 17 దాటితే చెవికి తెలుస్తుందని అందరూ పెట్టుకున్న కొండగుర్తు. మీకు వినబడుతున్నది అదే.

సీల్డ్_మాత్రమే
నేను వేరే మాట చెప్తాను, ఎవరూ ఏమనుకోవద్దు. పైపూ వద్దు పీఆర్ వద్దు. ఆ కన్నం మూసేయండి. సీల్డ్ బాక్స్ అయితే కింది ఫ్రీక్వెన్సీల్లో ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ సగానికి దిగిన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ చొప్పున మెల్లగా దిగుతుంది, పైపుకైనా పీఆర్‌కైనా ట్యూనింగ్ దాటాక 24 చొప్పున పడిపోతుంది. గది ఇచ్చే సాయం కూడా కలిస్తే సీల్డ్ 15 హెర్ట్జ్ దాకా ఏదో ఒకటి ఇస్తూనే ఉంటుంది. దెబ్బ పడిందా, ఆగిందా, అంతే, సాగతీత ఉండదు. వరంగల్‌లో మా ఇంట్లో రెండు 12 అంగుళాల సీల్డ్ సబ్‌లు ఆరేళ్ళుగా వాడుతున్నా, డప్పు దెబ్బ వింటే గుండె మీద పడ్డట్టే ఉంటది.

పాత_రేడియో
మీ మాటలో తప్పు లేదు సార్. కానీ మీవి రెండు 12లు. ఆయనది ఒక్క 10. అదే 100 డెసిబెల్స్ 20 హెర్ట్జ్ దగ్గర రావాలంటే సీల్డ్‌లో ఒక్క 10 అంగుళాల కోన్ ఒక వైపుకు 28 మి.మీ. కదలాలి. 40 హెర్ట్జ్ దగ్గరైతే 7 మి.మీ. చాలు. ఆక్టేవ్ కిందికి దిగితే నాలుగింతలు, ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు. ఆయన డ్రైవర్‌కి ఉన్నది 14. అంటే 20 దగ్గర 94తో ఆగిపోతుంది. 20 హెర్ట్జ్‌లో మనిషి చెవికి వినబడటం మొదలయ్యేదే దాదాపు 80 డెసిబెల్స్ దగ్గర. సోఫా దాకా వచ్చేసరికి ఇంకా తగ్గుతుంది, గది కొంత తిరిగి ఇస్తుంది. మిగిలే లోతు బేస్ ఎంతో మీరే చూడండి.

ఇంకొక మాట. ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ దగ్గర డ్రైవర్ దాదాపు కదలదు, పనంతా పీఆర్ చేస్తుంది. ఆయన రెండు 10 అంగుళాల పీఆర్‌లు పెట్టి ఒక్కోటి 16 మి.మీ. కదిలేవి తీసుకుంటే 25 హెర్ట్జ్ దగ్గర లెక్క ప్రకారం 105 దాకా వెళ్ళొచ్చు, అదే డ్రైవర్ సీల్డ్‌లో 98. ఆ 7 డెసిబెల్స్ కోసమే ఈ బాధంతా. 16, 17 హెర్ట్జ్ దగ్గర మాత్రం సీల్డే గెలుస్తుంది, ఒప్పుకుంటాను.

సీల్డ్_మాత్రమే
ఒక్క డ్రైవరే అన్నప్పుడు సరే. గ్రూప్ డిలే, అంటే కొన్ని ఫ్రీక్వెన్సీలు ఆలస్యంగా రావడం, దాని సంగతి కూడా ఆయనకి చెప్పండి మరి, ట్యూనింగ్ దగ్గర అది పెరుగుతుంది.

పాత_రేడియో
పెరుగుతుంది. అందుకే ట్యూనింగ్‌ని పాటల కిందికి తొయ్యాలి. బేస్ గిటార్‌లో అడుగు తీగ 41 హెర్ట్జ్. పియానోలో అన్నిటికంటే కింది మెట్టు 27.5. ట్యూనింగ్ 25 లోపు ఉంటే ఆ ఆలస్యం పాటల్లో పెద్దగా తగలదు, సినిమా ఉరుముల్లో దాన్ని పట్టుకోగల చెవి అరుదు.

డాలస్_తెలుగు
నేను రెడీమేడ్ పీఆర్ సబ్ వాడుతున్నాను, ఒక డ్రైవర్, రెండు పక్కలా రెండు పీఆర్‌లు. గాలి చప్పుడు అసలు లేదు, ఆ విషయంలో 407 గారికి గ్యారంటీ. కానీ మా ఇంట్లో గోడలు జిప్సం బోర్డువి, లోతు బేస్‌లో సగం గోడలు కదిలి బయటికి పోతుంది. పోయిన సంక్రాంతికి విజయవాడ వచ్చినప్పుడు మా బావమరిది ఇంట్లో చిన్న సబ్ విన్నాను, ఇటుక గోడలు, స్లాబ్, నా దానికంటే గట్టిగా కొడుతోంది! మన ఇళ్ళలో లోతు బేస్ లోపలే నిలుస్తుంది, గది మోడ్‌లు (గోడల మధ్య దూరాన్ని బట్టి కొన్ని ఫ్రీక్వెన్సీలు ఉబ్బడం) కూడా అంతే గట్టిగా ఉంటాయి. రెండూ లెక్కలో పెట్టుకోండి.

వడ్రంగి_వాసు
407 అన్నా, పీఆర్ పెట్టేముందు బాక్స్ గాలి లీకు చూసుకో. గుంటూరులో నేను బాక్సులు చేసి ఇస్తుంటా, పీఆర్ బాక్సులు తిరిగొచ్చాయంటే పదిలో ఎనిమిది లీకుతోనే. సందుల్లో ఫెవికాల్ ఒక్కటే నమ్ముకోవద్దు, లోపల మూలలన్నిటికీ సిలికాన్ కూడా తిప్పు, ఒక రోజు ఆరనివ్వు. పీఆర్ కింద ఫోమ్ గాస్కెట్ వెయ్యాలి. ఎండీఎఫ్‌లో చెక్క స్క్రూలు వద్దు, టీ నట్లు (చెక్కలోకి దిగే లోహపు నట్లు) కొట్టి బోల్టులు బిగించు, ఈ పీఆర్‌లు నువ్వు కనీసం నాలుగుసార్లు విప్పుతావు.

విశాఖ_తీరం
వాసు గారు చెప్పింది నిజం. మా దగ్గర సముద్రపు గాలికి ఎండీఎఫ్ అంచులు ఉబ్బి, పీఆర్ చుట్టూ సందు వచ్చింది. కోసిన అంచుకి తప్పకుండా ప్రైమర్ వెయ్యండి. నేనైతే రెండోసారి బిర్చ్ ప్లైవుడ్ వాడాను.

(రెండు వారాల తర్వాత)

కూకట్‌పల్లి_407
అప్‌డేట్. ఒక పీఆర్ తెప్పించాను, 10 అంగుళాలది, కోన్ వైశాల్యం డ్రైవర్‌దే, కదిలే బరువు 280 గ్రాములు, పరిమితి 16 మి.మీ. పైపు తీసేసి ఆ కన్నాన్ని పెద్దది చేసి పక్క గోడకి బిగించాను. పైన బరువు ఏమీ వెయ్యలేదు. ఇంపీడెన్స్ (డ్రైవర్ కరెంటుకి ఇచ్చే అడ్డు) కొలిస్తే గ్రాఫ్‌లో రెండు శిఖరాల మధ్య లోయ, అంటే ట్యూనింగ్, 23.5 హెర్ట్జ్ దగ్గర వచ్చింది. చాలా సంతోషం వేసింది. మొదటి రోజు రాత్రి పది దాకా కూర్చుని విన్నాం, గాలి చప్పుడు లేదు, ఇంతకుముందు వినని ఒక వణుకు సోఫాలో తెలుస్తోంది, మా అమ్మ వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగింది.

సమస్యలు రెండు. సౌండ్ కొంచెం పెంచి యుద్ధం సీన్ పెడితే పీఆర్ టప్ టప్‌మని చివరికి కొట్టుకుంటోంది. రెండోది, బాక్స్ నేల మీద నడుస్తోంది. గ్రానైట్ ఫ్లోర్, రబ్బరు బుష్‌లు ఉన్నాయి, అయినా సినిమా అయ్యేసరికి ఒక జానెడు పక్కకి జరిగింది. 25 కిలోల బాక్స్ ఎలా జరుగుతుంది?

పాత_రేడియో
రెండిటికీ కారణం ఒక్కటే, పీఆర్ ఒకటే ఉంది. 25 హెర్ట్జ్ దగ్గర 100 డెసిబెల్స్‌కి 600 ఘన సెంటీమీటర్లు అన్నాను కదా, 330 చదరపు సెంటీమీటర్ల ఒక్క కోన్‌తో అది ఒక వైపుకు 18 మి.మీ. మీ పరిమితి 16. కొట్టుకోక ఏం చేస్తుంది? పీఆర్ కదిలించగల గాలి డ్రైవర్ కదిలించగల దానికి కనీసం రెండింతలు ఉండాలన్నది అనుభవంతో పెట్టుకున్న నియమం. మీ డ్రైవర్‌ది 462, పీఆర్‌ది 528. చాలదు.

ఇక నడక. 280 గ్రాముల బరువు సెకనుకు ఇరవై నాలుగు సార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంటే బాక్స్‌ని రెండో వైపుకు తోస్తుంది. ఎదుటి గోడకి అలాంటిదే ఇంకొకటి పెట్టండి. రెండూ ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి కదులుతాయి, వాటి తోపులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బాక్స్ మీద నీళ్ళ గ్లాసు పెట్టినా ఒలకదు.

వడ్రంగి_వాసు
ఎదురెదురు గోడలకే పెట్టు అన్నా, ఒకే గోడ మీద రెండు పెడితే నడక ఇంకా ఎక్కువవుతుంది. ఒకాయన ముందు గోడకి రెండూ పెట్టించుకుని తర్వాత బాధపడ్డాడు. మధ్యలో ఒక బ్రేస్ కర్ర కూడా వెయ్యి.

కొత్తగా_వచ్చా
కింది వైపుకు, అంటే నేల చూసేలా పెట్టకూడదా? పిల్లలు వేలు పెట్టి పొడవకుండా ఉంటుంది కదా.

పాత_రేడియో
పెట్టొచ్చు, కంపెనీలు పెడతాయి కూడా. కానీ బరువుకి కోన్ కిందికి వేలాడుతుంది. ఎంత వేలాడుతుందో దాని సొంత ఫ్రీక్వెన్సీ చెప్పేస్తుంది. బాక్స్ బయట, విడిగా, పీఆర్ 15 హెర్ట్జ్ దగ్గర ఊగేదైతే 1 మి.మీ. దిగుతుంది. 10 హెర్ట్జ్ అయితే రెండున్నర. 8 అయితే దాదాపు 4 మి.మీ. ఉన్న 16లో 4 ఒక వైపే పోయినట్టు. అందుకని బరువు ఎక్కువ వేసేవాళ్ళు పక్క గోడలకి పెట్టుకోవడమే మేలు. పిల్లల కోసం గ్రిల్ వెయ్యండి.

(పది రోజుల తర్వాత)

కూకట్‌పల్లి_407
రెండో పీఆర్ పెట్టాను, ఎదుటి గోడకి, అదే మోడల్. నడక ఆగిపోయింది, బాక్స్ మీద రూపాయి బిళ్ళ నిలబెట్టి చూశాను, పడలేదు. కొట్టుకోవడం కూడా లేదు. కానీ నాకు ఏడుపొక్కటే తక్కువ, ఆ లోతు పోయింది! అదే సీన్, అదే వాల్యూమ్, ముందు ఒక్క పీఆర్‌తో సోఫా వణికింది, ఇప్పుడు రెండు పీఆర్‌లు ఉండి గుబ గుబమని డబ్బా మోత. పాటల్లో ఒక స్వరం మాత్రం చెవులు పగిలేలా వస్తోంది, పక్క స్వరం వస్తే ఏమీ లేదు. పాడైన పీఆర్ ఏమైనా వచ్చిందా? వెనక్కి పంపేద్దామా అనుకుంటున్నా. డబ్బు ఖర్చు పెట్టి ఉన్నది పోగొట్టుకున్నానేమో అని టెన్షన్‌గా ఉంది.

సీల్డ్_మాత్రమే
తొందరపడి పంపొద్దు భాయ్. ముందు ఇంపీడెన్స్ మళ్ళీ కొలవండి.

కూకట్‌పల్లి_407
కొలిచాను. లోయ 30 హెర్ట్జ్ దగ్గర ఉంది. ముందు 23.5 ఉండేది. రెండు పెడితే ఇంకా కిందికి దిగాలి కదా, పైకి ఎందుకు పోయింది?

పాత_రేడియో
పీఆర్‌లో ఏ లోపం లేదు, దయచేసి పంపకండి. చాలామంది ఇక్కడే పొరపడతారు, కొంచెం నిదానంగా చదవండి.

బాక్సులో గాలి స్ప్రింగు అనుకున్నాం. ఒక పీఆర్ ఉన్నప్పుడు మొత్తం 40 లీటర్ల గాలి ఆ ఒక్కదానిదే. ఎక్కువ గాలి, మెత్తటి స్ప్రింగు. ఇప్పుడు రెండు పీఆర్‌లు ఒకేసారి లోపలికి వస్తున్నాయి. అంటే ఒక్కోదానికి దక్కేది 20 లీటర్లే. స్ప్రింగు రెండింతలు గట్టిపడింది. బరువేమో ఒక్కోదానికీ అదే 280 గ్రాములు. గట్టి స్ప్రింగుకి అదే బరువు కడితే వేగంగా ఊగుతుంది, అంటే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. బావి గిలక తాడు పొట్టిదైతే బొక్కెన త్వరగా ఊగినట్టు. మీకు 23.5 కాస్తా 30 అయింది, లెక్క కూడా సరిగ్గా అంతే వస్తోంది, మీ కొలత బాగుంది.

ఆ డబ్బా మోతకి రెండో కారణం మీ హాలు. 16 అడుగుల పొడవుకి మొదటి మోడ్ 35 హెర్ట్జ్ దగ్గర, 12 అడుగుల వెడల్పుకి 47 దగ్గర. మీరు సబ్ పెట్టింది మూలలో, మూల అన్ని మోడ్‌లనీ రెచ్చగొడుతుంది. 30 దగ్గర ట్యూనింగ్ ఉబ్బు, 35 దగ్గర గది ఉబ్బు, రెండూ పక్కపక్కనే చేరి ఒకే గుట్ట అయ్యాయి. ఒక స్వరం మాత్రమే చెవులు పగిలేలా రావడం దానివల్లే.

వైద్యం ఏమిటంటే బరువు. మీ పీఆర్ వెనక మధ్యలో మర ఉన్న బోల్ట్ ఉందా?

కూకట్‌పల్లి_407
ఉంది మాస్టారూ, 6 మి.మీ. బోల్ట్. వాషర్లు కూడా వచ్చాయి కానీ ఎందుకో తెలియక డబ్బాలోనే ఉంచేశాను.

పాత_రేడియో
అవి అందుకే ఇచ్చారు. 25 హెర్ట్జ్ కావాలంటే ఒక్కోదాని కదిలే బరువు సుమారు 404 గ్రాములు కావాలి, అంటే 124 గ్రాములు కలపాలి. 22 హెర్ట్జ్ కావాలంటే 522, అంటే 242 గ్రాములు. నట్టు బరువు కూడా అందులోనే. వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి. రెండు పీఆర్‌లకీ గ్రాము తేడా లేకుండా వెయ్యండి, తేడా ఉంటే రెండూ వేర్వేరుగా ఊగి మళ్ళీ బాక్స్ కదులుతుంది. లాక్ నట్ తప్పనిసరి, లేకపోతే వాషర్లు గలగలమంటాయి.

కొత్తగా_వచ్చా
బరువు ఎంత వేస్తే అంత లోతు అయితే, అర కిలో వేసి 18కో 15కో తీసుకెళ్ళిపోవచ్చు కదా? ఎందుకు ఆగాలి?

పాత_రేడియో
మంచి ప్రశ్న. ట్యూనింగ్ కిందికి దించితే 25 నుంచి 35 మధ్య పీఆర్ సాయం తగ్గుతుంది, అక్కడ మళ్ళీ డ్రైవరే ఎక్కువ కదలాలి. సినిమాల్లో బలమైన బేస్ ఎక్కువగా ఉండేది అక్కడే. ఇక 18 దగ్గర అదే గట్టిగా రావాలంటే పీఆర్ 25 దగ్గర కదిలినదానికి దాదాపు రెండింతలు కదలాలి. మీ దగ్గర అంత కదలిక లేకపోతే ట్యూనింగ్ కాగితం మీదే ఉంటుంది.

పైపులో లేని ఇంకో చిక్కు పీఆర్‌కి ఉంది. దానికి సొంత సరౌండ్, స్పైడర్ ఉన్నాయి కాబట్టి విడిగా దానికో ఫ్రీక్వెన్సీ ఉంటుంది. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర పీఆర్ ఇచ్చే శబ్దం డ్రైవర్ ఇచ్చేదాన్ని దాదాపు పూర్తిగా చంపేస్తుంది, గ్రాఫ్‌లో లోతైన గొయ్యి కనిపిస్తుంది. 407 గారి పీఆర్‌కి బరువు లేకుండా అది 14 దగ్గర, 404 గ్రాములకి 12 దగ్గర. అక్కడ మనం వినేదేమీ లేదు కాబట్టి నష్టం లేదు. కానీ సరౌండ్ గట్టిగా ఉండే చవక పీఆర్ కొంటే ఆ గొయ్యి 20 దగ్గరికి వచ్చి కూర్చుంటుంది, అప్పుడు ట్యూనింగ్ కింద బేస్ కత్తితో కోసినట్టు పోతుంది. కొనేటప్పుడు సైజు, రంగు చూసే ముందు సరౌండ్ ఎంత మెత్తగా ఉందో, ఎంత దూరం కదులుతుందో చూడండి.

డాలస్_తెలుగు
సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది ఫ్రీక్వెన్సీలని ఆపేది, హై పాస్ అన్నా అదే) సంగతి ఎవరూ చెప్పలేదు. ట్యూనింగ్ కింద డ్రైవర్‌ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు, కోన్ లోపలికి వెళ్తే పీఆర్ బయటికి వస్తుంది, ఒకటి ఇచ్చింది ఇంకోటి తీసేస్తుంది. శబ్దం రాదు కానీ రెండూ విపరీతంగా కదులుతాయి. ఆంప్‌లో 18, 20 దగ్గర హై పాస్ ఉంటే ఆన్ చేసుకోండి. మొన్న ఒక సినిమాలో 15 హెర్ట్జ్ గర్జన ఒకటి వచ్చి నా డ్రైవర్ కాలిన వాసన కొట్టింది, అప్పట్నుంచి ఆన్ చేసే ఉంచుతున్నా.

వడ్రంగి_వాసు
లీకు చూసే తేలిక పద్ధతి చెప్తా రాసుకోండి. ఆంప్ ఆపేసి, డ్రైవర్ కోన్ మధ్యలో అరచేత్తో మెల్లగా లోపలికి నొక్కి అలాగే పట్టుకో. రెండు పీఆర్‌లూ బయటికి వచ్చి అక్కడే ఆగాలి. నువ్వు పట్టుకుని ఉండగానే అవి వెంటనే వెనక్కి వెళ్ళిపోతున్నాయంటే ఎక్కడో గాలి పోతోంది. ప్లేట్ ఆంప్ చుట్టూ చూడు ముందు, అక్కడ గాస్కెట్ ఎవరూ వెయ్యరు.

(నాలుగు రోజుల తర్వాత)

కూకట్‌పల్లి_407
అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. వరసగా చెప్తాను.

వాసు అన్నా, నువ్వు అన్నట్టే ప్లేట్ ఆంప్ చుట్టూ లీకు ఉంది. పీఆర్‌లు రెండు సెకన్లలో వెనక్కి వెళ్ళిపోయేవి. ఫోమ్ టేప్ వేసి బిగించాక మెల్లగా వెళ్తున్నాయి.

బరువు ముందు 124 గ్రాములు వేశాను. లోయ 25.2 దగ్గర వచ్చింది, మాస్టారు కాగితం మీద వేసిన లెక్క నా ఇంట్లో బాక్సులో అలాగే కనపడటం చూసి చాలాసేపు ఆ గ్రాఫే చూస్తూ కూర్చున్నాను. తర్వాత 242 వేసి 22 కూడా చూశాను. 22 దగ్గర నిశ్శబ్ద సీన్లలో వచ్చే లోతు వణుకు బాగుంది కానీ పెద్ద సీన్లలో డ్రైవర్ కష్టపడటం కంటికి కనిపిస్తోంది. మళ్ళీ విప్పి 124కే వచ్చేశాను. (నాలుగుసార్లు విప్పుతావు అన్నాడు వాసు అన్న, ఐదుసార్లు విప్పాను. టీ నట్లు వెయ్యకపోతే ఎండీఎఫ్ కన్నాలు పాడైపోయేవే.)

డబ్బా మోత మాత్రం బరువుతో సగమే తగ్గింది. మిగతా సగం గదిదే. కొలిచే మైక్ ఒక స్నేహితుడి దగ్గర తీసుకుని, సబ్‌ని సోఫాలో నేను కూర్చునే చోట పెట్టి, నేల మీద పాకుతూ ఏ మూల బేస్ సమంగా ఉందో విన్నాను. మూల కంటే పొడవు గోడ మధ్యలో టీవీ స్టాండ్ పక్కన బాగుంది. 35 దగ్గరి గుట్ట 9 డెసిబెల్స్ తగ్గింది. ఇంట్లో ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది, టీవీ పక్కనే ఉంటే చూడటానికి బాగుందని చివరికి వాళ్ళే అన్నారు. క్రాసోవర్ (సబ్ నుంచి మిగతా స్పీకర్లకి శబ్దం మారే చోటు) 80 దగ్గర, ఫిల్టర్ 19 దగ్గర పెట్టాను.

ఇప్పుడు సోఫాలో 23 హెర్ట్జ్ దాకా వస్తోంది, కింద గబుక్కున పడిపోతోంది. ఉఫ్ ఉఫ్ లేదు, నడక లేదు, టప్ టప్ లేదు. రాత్రి తొమ్మిది తర్వాత మాత్రం తగ్గిస్తున్నాను, కింద ఫ్లాట్‌లో పెద్దవాళ్ళు ఉన్నారు, లోతు బేస్ స్లాబ్‌లోంచి దిగిపోతుంది, తలుపులు మూసినా ఆగదు.

సీల్డ్_మాత్రమే
గ్రాఫ్ చూశాను, బాగా వచ్చింది. 25 దగ్గర నా రెండు 12లకి దగ్గరగా ఉంది, ఒక్క 10తో ఇది నేను అనుకోలేదు. 18 దగ్గర మాత్రం నాది నాదే.

కూకట్‌పల్లి_407
అది నిజమే అన్నా, 18 దగ్గర నాకు ఏమీ లేదు. హైదరాబాద్ వస్తే ఒకసారి ఇంటికి రండి, కలిసి విందాం.

కొత్తగా_వచ్చా
మాస్టారూ, నా సంగతి కూడా కొంచెం చెప్పండి. నా దగ్గర 8 అంగుళాల డ్రైవర్ ఉంది, కోన్ 215 చదరపు సెంటీమీటర్లు, 10 మి.మీ. కదులుతుంది. బెడ్‌రూమ్‌కి 20 లీటర్ల బాక్స్ అనుకుంటున్నా. 407 అన్న వాడిన పీఆర్ ఒక్కటి కొంటే చాలా? ఎంత బరువు వెయ్యాలి?

పాత_రేడియో
మీ డ్రైవర్ కదిలించేది 215 ఘన సెంటీమీటర్లు, ఆ పీఆర్ ఒక్కటీ 528. రెండింతలు దాటింది, ఒక్కటి చాలు. బరువుకి కొత్త లెక్క అక్కర్లేదు. ఆయనకి 40 లీటర్లలో రెండు పీఆర్‌లు, అంటే ఒక్కోదానికి 20 లీటర్లు. మీకు 20 లీటర్లలో ఒక్కటి. ఆ పీఆర్ చూసే గాలి రెండు చోట్లా అదే కాబట్టి 25 హెర్ట్జ్‌కి అదే 124 గ్రాములు. కానీ ముందు మీ డ్రైవర్ వివరాల కాగితం చూసి సిమ్యులేషన్‌లో పెట్టండి, అన్ని 8 అంగుళాల డ్రైవర్లూ 20 లీటర్లలో ఈ ట్యూనింగ్‌కి సరిపడవు. ఒక్క పీఆరే కాబట్టి బాక్స్ ఊగుతుంది, దాన్ని డ్రైవర్ ఎదుటి గోడకి పెట్టి, అడుగున ఇంకో పొర ప్లైవుడ్ వేసి బాక్స్ బరువు పెంచండి.

వడ్రంగి_వాసు
20 లీటర్లు లోపలి ఖాళీ లెక్క తమ్ముడూ, డ్రైవర్ మాగ్నెట్, బ్రేస్, ఆంప్ డబ్బా తీసేసిన తర్వాత మిగలాలి. 23 లీటర్లకి కోయించుకో.

కొత్తగా_వచ్చా
సరే అన్నా. డ్రైవర్ కాగితం రేపు ఇక్కడ పెడతాను, కొలతలు చూసి చెప్పాకే చెక్క కోయిస్తాను.